దుర్గమ్మది ఏ శాఖ? కల్పిత దేవుళ్లకూ, కొలిచే దేవుళ్లకూ తేడా ఎక్కడుంది

దసరా వచ్చిందంటే బెజవాడలో ఏ ఇంట విన్నా ఒకటే మాట, ఇవాళ అమ్మవారి అలంకారం ఏంటి అని. అదే ఇంట్లో ఇంటర్ చదివే పిల్లాడి ఫోన్‌లో ఇంకో దేవలోకం నడుస్తుంటుంది. అక్కడ గ్రీకుల జ్యూస్, ఉత్తర ఐరోపా థోర్, మన కాళి ఒకే మైదానంలో కొట్టుకుంటారు. ఇంకో గేమ్ తెరిస్తే నిన్నగాక మొన్న ఎవరో రచయిత పుట్టించిన దేవుళ్లు. అలాంటి పిల్లాడు కొండ మీద క్యూలో నిలబడి "దుర్గమ్మ పవర్ ఏంటి?" అని అడిగితే అమ్మ నవ్వి ఊరుకుంటుంది, తాతయ్యకు కోపం వస్తుంది. అడగకూడని ప్రశ్నేమీ కాదది. కాకపోతే జవాబు చెప్పబోయినవాళ్లు చిక్కులో పడతారు. ఆ చిక్కు ముడులు ఒక్కొక్కటీ విప్పే ప్రయత్నమే ఇది.

నిద్రపోయే దేవుళ్లు ఇద్దరు

ముందు మాటలు తేల్చుకుందాం. కల్పిత దేవుడంటే ఫలానా రచయిత, ఫలానా కాలంలో, కథ కోసమో ఆట కోసమో పుట్టించిన దేవుడు. ఆయన్ని ఎవరైనా కొలవాలన్న ఉద్దేశం పుట్టించినవాళ్లకే ఉండదు. దేవగణం అంటే ఒక జనం కొలిచే దేవతలందరి కుటుంబం, చుట్టరికాలూ పదవులూ పాత పగలతో సహా. పురాణం అంటే ఆ కుటుంబం గురించి తరతరాలుగా చెప్పుకునే కథలు. ఏ దేవుడు నిజంగా ఉన్నాడు, ఎవరు లేరు అన్నది ఈ నిర్వచనాల్లో లేదు. కావాలనే పక్కన పెట్టాను, ఆ తగువు తర్వాత వస్తుంది.

ఇక ఉదాహరణ. 1905లో లార్డ్ డన్సనీ అనే రచయిత పెగానా అనే లోకాన్ని ఊహించి, దానికో దేవగణాన్ని మొత్తంగా అల్లి ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. ఫాంటసీలో సొంతంగా కట్టుకున్న దేవగణాల్లో తొలి వాటిలో అదొకటి. అందులో పెద్ద దేవుడు మానా యూద్ సుషాయ్. చిన్న దేవుళ్లను చేసేసి ఆయన నిద్రపోతాడు. పక్కన స్కార్ల్ అనేవాడు కూర్చుని డోలు వాయిస్తూనే ఉంటాడు. డోలు ఆగిందా, పెద్దాయన లేస్తాడు. ఆయన లేస్తే లోకాలూ ఉండవు, చిన్న దేవుళ్లూ ఉండరు.

ఇప్పుడు ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి రండి. కొండను తొలిచి నాలుగు అంతస్తులుగా చేసిన గుహల్లో అనంతపద్మనాభుడు శేషుడి మీద పడుకుని ఉంటాడు. ఈయనదీ నిద్రే. లోకాల మనుగడ ఈయన నిద్రతోనూ ముడిపడిందే. కథగా చూస్తే డన్సనీ దేవుడికీ విష్ణువుకీ దగ్గరి చుట్టరికం కలిపేయొచ్చు.

తేడా కథ బయట ఉంది. విష్ణువు ఆషాఢ శుద్ధ ఏకాదశి నాడు నిద్రకు పోయి, కార్తీకంలో ఉత్థాన ఏకాదశి నాడు లేస్తాడు. ఆ మొదటి రోజు మనకు తొలి ఏకాదశి. ఉపవాసం ఉంటారు, పేలాలు దంచి బెల్లం కలిపి పేలపిండి చేస్తారు. నిద్ర కథ సరిగా తెలియని ఇంట్లో కూడా పేలపిండి మానరు. డన్సనీ దేవుడు ఎప్పుడు పడుకున్నాడో చెప్పే తిథి ఏదీ లేదు, ఆయన పేరు చెప్పి తినే పిండివంటా లేదు. ఆయనకు కథ ఉంది, అంతవరకే. విష్ణువు విషయంలో కథ చాలా వాటిలో ఒకటి.

శాఖలు పంచుకున్న దేవుళ్లు

గేమ్ దేవుళ్లను చూస్తే ప్రమాణ స్వీకారం అయిన మర్నాడు మంత్రులకు శాఖలు పంచినట్టు ఉంటుంది. ఒకరికి యుద్ధం, ఒకరికి మరణం, ఒకరికి వెలుగు, ఒకరికి విద్య. ఒకరి శాఖలో ఇంకొకరు వేలు పెట్టరు. దీనికి కారణం తేలికే. ఆటకు నియమాలు కావాలి, నవల చదివేవాడికి పాతిక పేర్లు గుర్తుండాలి. "తుఫానుల దేవుడు" అంటే వెంటనే బుర్రలో నిలబడిపోతాడు.

1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట ఈ పద్ధతికి పెద్ద పీట వేసింది. 1980లో ఆ ఆట తెచ్చిన కంపెనీ దేవుళ్ల కోసమే ఒక పుస్తకం వేసింది. అందులో కల్పిత దేవుళ్లతో పాటు గ్రీకు, నార్స్ (థోర్ లాంటి ఉత్తర ఐరోపావాళ్లు), భారతీయ దేవుళ్లూ ఉన్నారు. ఎన్ని దెబ్బలకు ఎవరు పడిపోతారో పాయింట్లు వేసి మరీ ఇచ్చారు. ఇవాళ్టి వీడియో గేముల్లో కనిపించే "పవర్" లెక్కకు వేళ్లు చాలావరకు అక్కడున్నాయి.

సరే, దుర్గమ్మకూ అలాంటి కార్డు ఒకటి నింపి చూద్దాం. శాఖ అన్న గడిలో ఏం రాయాలి? మహిషాసురమర్దిని కాబట్టి యుద్ధం అంటాం. కానీ అదే నవరాత్రుల్లో అమ్మవారు అన్నపూర్ణ, అప్పుడు శాఖ అన్నం. మూలా నక్షత్రం నాడు సరస్వతి, అప్పుడు చదువు. ఉత్సవాల్లో కెల్లా రద్దీ ఎక్కువగా ఉండే రోజుల్లో అదొకటి, పరీక్షలు రాసే పిల్లలు పెన్నులు పట్టుకుని వస్తారు. మహాలక్ష్మి అలంకారం రోజున డబ్బు. ఆషాఢంలో శాకంభరి ఉత్సవాలకు గుడి నిండా వంకాయలూ బెండకాయలూ దండలు కట్టి వేలాడదీస్తారు, అప్పుడు వ్యవసాయ శాఖ అనాలా? ఇక భవానీ దీక్ష తీసుకుని ఎర్రబట్టలు కట్టినవాడికి ఆమె అమ్మ, అంతే. వాడికి శాఖ సంగతి తోచను కూడా తోచదు. ఒక్క గడి దగ్గరే కార్డు చిరిగిపోయింది.

మన అమ్మవారొక్కతే ఇలా అనుకోకండి. గ్రీకుల పొసైడన్ సముద్రానికి దేవుడని స్కూల్లో చెబుతారు. భూకంపాలూ ఆయనవే, గుర్రాలూ ఆయనవే. అపోలో సంగీతానికి దేవుడు, వైద్యానికీ దేవుడే, బాణాలు వేసి మహమ్మారి తెప్పించేదీ ఆయనే. జబ్బు తెచ్చేవాడే జబ్బు తగ్గించేవాడు కావడం గేమ్ రాసేవాడికి పొరపాటులా కనిపిస్తుంది. గుంటూరు జిల్లా పల్లెలో పుట్టినవాళ్లకు వింతగా ఉండదు. ఒంటి మీద పొక్కులు లేస్తే అమ్మవారు పోసిందనేవాళ్లు, వేపాకు పరిచేవాళ్లు, చల్లబడమని పోలేరమ్మకే చలివిడి పెట్టేవాళ్లు. కోపమూ ఆమెదే, కరుణా ఆమెదే.

మశూచి లోకంలో లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది 1980లో, ఆ గేమ్ పుస్తకం వచ్చిన ఏడాదే. శాఖ లెక్కన పోలేరమ్మకు అప్పటితో పని అయిపోవాలి. ఊరి పొలిమేరలో గుడి అలాగే ఉంది, కొలుపులూ జరుగుతున్నాయి. వర్షాలకు, పంటకు, సంతానానికి, కొత్త ట్రాక్టర్‌కు ఇప్పుడు మొక్కులు ఆమెకే. కొలిచే దేవతకు పనులు జనం అవసరాన్ని బట్టి మారతాయి. కల్పిత దేవుడికి రచయిత ఇచ్చిన పనే చివరిదాకా.

ఇంద్రకీలాద్రికి ఎన్ని కథలు

అమ్మవారు ఈ కొండ మీదికి ఎలా వచ్చిందని నలుగురిని అడిగి చూడండి. కీలుడనే ఋషి తపస్సు చేసి కొండై నిలిచి, అమ్మను తన మీద ఉండమన్నాడని ఒకరు చెబుతారు. అర్జునుడు ఇక్కడే తపస్సు చేశాడని, కిరాతుడి వేషంలో వచ్చిన శివుడితో కుస్తీ పట్టి పాశుపతం తెచ్చుకున్నాడని ఇంకొకరు. మాధవవర్మ అనే రాజు కొడుకు రథం కింద పడి చింతచిగురు అమ్ముకునే ఆమె బిడ్డ చనిపోతే, రాజు కన్నకొడుక్కే మరణశిక్ష వేశాడని, ఆ ధర్మానికి మెచ్చి ఊరి మీద బంగారు వాన కురిసిందని మూడో కథ. ఒకదానికొకటి పొంతన కుదర్చాలని ఎవరూ కూర్చోరు. మూడూ ఒకే రోజు ఒకే మనిషి నోట వినొచ్చు.

ఇంకో సంగతి. భారతం అరణ్యపర్వంలో అర్జునుడు ఇంద్రకీలానికి వెళ్లింది ఉత్తరానికి, హిమాలయాల వైపు. బెజవాడవాళ్లకు ఈ మాట చెబితే కాదనరు, మన కొండను వదులుకోనూ వదులుకోరు. ఒక కథకు రెండు చోట్లు ఉండటం కొలిచేవాళ్లకు ఇబ్బంది కాదు.

ఫాంటసీ అభిమానులకు ఇది గుండెపోటు వ్యవహారం. వాళ్లకు అధికారిక కథ ఒకటుంటుంది, రచయిత గీసిన మ్యాప్ ఒకటుంటుంది. మ్యాప్‌లో కొండ ఎక్కడుంటే అక్కడే. రెండు పుస్తకాల్లో రెండు మాటలు కనిపిస్తే ఏది సరైందో తేల్చేదాకా వదలరు.

అయితే ఈ గీత మరీ గట్టిగా గీయకూడదు. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రాసిన టోల్కీన్ సంగతే చూడండి. ఆయన లోకంలో ఏరు అనే ఏకైక సృష్టికర్త ఉంటాడు, ఆయన కింద వాలార్లు పద్నాలుగురు, వాళ్ల మీద తిరగబడ్డ మెల్కోర్ ఒకడు. లోకం పుట్టింది ఒక మహా సంగీతం నుంచి. ఈ కథల్ని టోల్కీన్ జీవితమంతా రాస్తూ, కొట్టేస్తూ, మళ్లీ రాస్తూ 1973లో కన్నుమూశాడు. కొడుకు క్రిస్టఫర్ ఆ చిత్తుప్రతుల్లోంచి ఏరి, అతికి, 1977లో పుస్తకంగా తెచ్చాడు. అంటే ఆ దేవగణానికి ఒకే కథ ఉందని మనం అనుకుంటున్నది ఒక సంపాదకుడి నిర్ణయం. తండ్రి కథలకు కొడుకు వ్యాసుడయ్యాడు అనొచ్చు సరదాకి.

కొలిచే దేవగణాలనూ ఎవరో పేర్చారు

చాలా పోలికలు ఇక్కడే దారి తప్పుతాయి. పాత దేవగణాలు వాటంతటవే పుట్టాయని, ఫాంటసీవి మాత్రమే కూర్చుని రాసినవని అనుకుంటాం. గ్రీకు దేవుళ్ల వంశవృక్షాన్ని ఒక వరుసలో పెట్టింది హెసియడ్ అనే కవి, సుమారు క్రీ.పూ. 700 ప్రాంతంలో. దేవుళ్ల పుట్టుక, పేర్లు, పనులు గ్రీకులకు చెప్పింది హోమర్, హెసియడ్‌లేనని క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే హెరోడటస్ రాశాడు. అంటే తమ దేవుళ్ల పట్టిక కవులు రాసిందని ఆ దేవుళ్లను కొలుస్తున్న రోజుల్లోనే గ్రీకులకు తెలుసు. పట్టిక తెలిసినా బలులు ఆపలేదు.

నార్స్ దేవుళ్ల కథ ఇంకా వింత. ఓడిన్, థోర్, లోకీల గురించి మనకు తెలిసిన దాంట్లో చాలా భాగం స్నోరి స్టర్లుసన్ అనే ఐస్‌లాండ్ రచయిత 1220 ప్రాంతంలో రాసిపెట్టింది. ఐస్‌లాండ్ క్రైస్తవం తీసుకుని అప్పటికే రెండు వందల ఏళ్లు దాటింది. ఆయనా క్రైస్తవుడే. పాత కవిత్వం అర్థం కావాలంటే పాత దేవుళ్లు తెలియాలని రాశాడు. ఆ దేవగణం అంత చక్కగా సర్దినట్టు కనిపించడంలో ఆయన చేయి ఎంతో, పాత నమ్మకం ఎంతో విడదీయడం పండితులకే కష్టం. గేముల్లోకి బాగా ఇమిడింది కూడా ఈ దేవగణమే. గుళ్లూ పూజారులూ పోయి కథలు మాత్రం మిగిలిన దేవుళ్లు కల్పిత దేవుళ్ల పక్కన తేలిగ్గా కలిసిపోతారు.

మన దగ్గర పేర్పు ఎలా ఉంటుందో చూడాలంటే అమరావతి వెళ్లాలి. తారకాసురుడి మెడలోని శివలింగాన్ని కుమారస్వామి కొడితే ఐదు ముక్కలై ఐదు చోట్ల పడిందని పంచారామాల కథ. అమరావతి ముక్కను ప్రతిష్ఠించింది ఇంద్రుడట. మిగతావి ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం, సామర్లకోట. అమరావతి లింగం పెరిగిపోతుంటే నెత్తిన మేకు కొట్టారని, ఆ రక్తపు చార ఇంకా ఉందని స్థానికంగా చెప్పుకుంటారు. కృష్ణ ఒడ్డున ఒకటి, గోదావరి జిల్లాల్లో నాలుగు, ఇంత దూరంలో ఉన్న గుళ్లను ఒకే కథ ఒకే కుటుంబం చేసేసింది. చరిత్ర చదివినవాళ్లు దీన్ని గుళ్లను కలిపిన కథ అంటారు. భక్తుడు లింగమే ముందు, గుళ్లు తర్వాత అంటాడు. ఎటు నుంచి చూసినా ఇది లోకాన్ని నిర్మించడమే, ఫాంటసీ రచయిత చేసే పనికి ఇంతకంటే దగ్గరి పోలిక దొరకదు. కాకపోతే రచయిత ఒంటరిగా, కొన్నేళ్లలో చేస్తాడు. ఇక్కడ ఎన్ని తరాలు చేతులు వేశాయో లెక్క లేదు.

పానకం పరీక్ష

ఇంతవరకూ కథలు. ఇక నైవేద్యానికి వద్దాం. మంగళగిరి కొండ మీద పానకాల స్వామికి విగ్రహం మొత్తంగా కనిపించదు, తెరిచిన నోరు ఒకటి కనిపిస్తుంది. పూజారి శంఖంతో బెల్లం పానకం పోస్తాడు. గుటగుటమని శబ్దం వస్తుంది. కాసేపటికి శబ్దం ఆగుతుంది, పోసింది పైకి వస్తుంది. బిందె చిన్నదైనా పెద్దదైనా స్వామి సగమే తాగి సగం మనకు ప్రసాదంగా వదులుతాడని నమ్మకం. అంత బెల్లం నీళ్లు ఒలికే చోట చీమలు కనిపించవని కూడా చెబుతారు. కృతయుగంలో అమృతం, త్రేతాయుగంలో నెయ్యి, ద్వాపరంలో పాలు తాగినవాడు కలియుగంలో పానకంతో సరిపెట్టుకున్నాడట. కొండ ఒకప్పుడు అగ్నిపర్వతమని, లోపలి గంధకాన్ని బెల్లం నీళ్లు చల్లారుస్తాయని వేరే వివరణ చెప్పేవాళ్లూ ఉన్నారు. రెండు వివరణలూ విన్నవాళ్లు కూడా పానకం బిందెతోనే మెట్లెక్కుతారు.

ఇదే పరీక్ష కల్పిత దేవుళ్లకు పెడితే చాలామంది మొదటి ప్రశ్నకే తప్పుతారు. ఏం పెట్టాలి, ఏ పూట పెట్టాలి, మిగిలింది ఎవరు తినాలి, ఎవరు తినకూడదు? రచయితకు ఆ అవసరం రాదు కాబట్టి రాయడు. బాగా రాసేవాళ్లు కొంత రాస్తారు. గేమ్ ఆఫ్ థ్రోన్స్ లోకంలో ఒకే దేవుడికి ఏడు ముఖాలు: తండ్రి, తల్లి, కన్య, ముసలమ్మ, యోధుడు, కమ్మరి, అపరిచితుడు. మధ్యయుగపు కాథలిక్ చర్చిని చూసి అల్లుకున్న మతం అది. గుళ్లున్నాయి, దీపాలున్నాయి, పెళ్లి తంతు ఉంది. ఒకే దేవుడికి ఏడు ముఖాలంటే మన అలంకారాలు గుర్తొస్తాయి కూడా. అయినా అక్కడ పెళ్లి తంతు రాసేది ఆ పెళ్లిలో కథ మలుపు తిరగాలి కాబట్టి. మంగళగిరిలో పానకం పోయడంతో ఏ కథా మలుపు తిరగదు. రేపూ పోస్తారు.

మూడు వాదాలు, మూడు ఇరుకులు

అసలు ఈ పోలికే తప్పనేవాళ్లున్నారు. కోట్ల మంది దండం పెట్టే దేవతను ఆట బొమ్మల పక్కన నిలబెట్టడమే అవమానం అంటారు. 2012లో ఒక అమెరికా ఆన్‌లైన్ గేమ్‌లో కాళిని చూపిన తీరు మీద అక్కడి హిందువులు అభ్యంతరం చెప్పారు. దేవత రూపం ఆటగాడి చేతి కింద కదలడమేంటన్నది ఆ బాధ. అందులో అర్థం ఉంది. థోర్‌కు నొచ్చుకునే కుటుంబాలు చాలా తక్కువ, కాళికి ఉన్నాయి. కానీ పోలికనే వద్దంటే, కొత్త దేవతలు మన కళ్ల ముందే ఎలా వస్తున్నారో చెప్పే దారి మూసుకుపోతుంది.

రెండో వాదం ఈ నేల మీద కొత్తది కాదు. తెనాలిలో సూతాశ్రమం కట్టుకున్న త్రిపురనేని రామస్వామి చౌదరి పురాణాలను నిలదీస్తూ సూతపురాణం రాశారు. గోరా, సరస్వతీ గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టిన నాస్తిక కేంద్రం 1947 నుంచి బెజవాడ పటమటలో ఉంది. హేతువాది లెక్కలో దేవుళ్లందరూ మనిషి కల్పితాలే, కొందరికి వయసు ఎక్కువ, అంతే తేడా. సూటిగా ఉంది. అయితే ఒక కల్పనకు దీక్షలూ మొక్కులూ ఎందుకు పుడతాయి, ఇంకో కల్పనకు టీషర్టులే ఎందుకు మిగులుతాయి అన్నదానికి ఆ మాట ఒక్కటే చాలదు.

మతాలను చదివే పండితులు చాలామంది మూడో వైపు నిలబడతారు. దేవుడు ఉన్నాడా అని అడగరు, ఆ దేవుడి పేరు మీద జనం ఏం చేస్తున్నారు అని అడుగుతారు. నాకు ఈ దారే పనికొచ్చేదిగా కనిపిస్తుంది, ఇంతవరకూ నడిచిందీ ఈ దారినే. దీనికీ ఒక ఇరుకు ఉంది. భక్తుడికి అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్నను ఇది తాకనే తాకదు.

గీత మీద నిలబడ్డవాళ్లు

1975లో సంతోషిమాత మీద ఒక హిందీ సినిమా వచ్చింది. తక్కువ ఖర్చుతో తీసింది, దేశమంతా ఆడింది. అంతకుముందు కూడా ఆ దేవతకు వ్రతకథలూ కొన్ని గుళ్లూ ఉన్నాయి కానీ, అష్టాదశ పురాణాల్లో వెతికితే ఆమె దొరకదు. సినిమా తర్వాత మన ఊళ్లలోనూ శుక్రవారం వ్రతాలు మొదలయ్యాయి. శనగలు, బెల్లం నైవేద్యం. ఆ రోజు ఇంట్లో పులుపు తగలకూడదు. చింతపండు లేకుండా కృష్ణా, గుంటూరు జిల్లాల వంటిల్లు ఒక పూట గడవడం మాటలా! అయినా వారం వారం పట్టుబట్టి చేశారు. పాత గ్రంథం లేకపోయినా, ఫలానా రోజు ఫలానాది తినకూడదన్న నియమం ఆమెను నిలబెట్టింది.

అదే తెర మీద 1951లో పాతాళభైరవి వచ్చింది. కాశీమజిలీ కథల్లోంచి తీసుకున్న ఆ కథలో దేవత కోరిన వరాలిస్తుంది. బలి అడుగుతుంది, నియమం తప్పితే ఊరుకోదు. భైరవి పేరు శాక్త సంప్రదాయంలోది, ఆమె చేసే పని మాత్రం అచ్చంగా కథ కోసం. సినిమా ఎంత ఆడినా ఆమె పేరు మీద వారం వ్రతం రాలేదు. తెలుగు జానపదాల్లో ఒక అలవాటు గమనించొచ్చు. రాజ్యాలనూ, మాంత్రికులనూ, రాక్షసులనూ ధారాళంగా కల్పిస్తాం. దేవుడి దగ్గరికి వచ్చేసరికి శివుడినో అమ్మవారినో తెచ్చుకుంటాం. బాహుబలిలో మాహిష్మతి కల్పితమే, హీరో భుజాన మోసిన లింగం మాత్రం శివుడిదే.

మనిషి దేవతైన దారి కూడా ఉంది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మను అత్తింటి బాధలు పడిన ఇల్లాలిగానే జనం తలుచుకుంటారు. భర్త గోపయ్యను పులి చంపితే ఆమె అగ్నిలో చేరి దేవతైందని కథ. రెండేళ్లకోసారి విగ్రహాలను జగ్గయ్యపేట తీసుకెళ్లి కొత్త రంగులు వేయించి తెస్తారు, దారి పొడవునా ఊళ్లన్నీ ఎదురొస్తాయి. ఇక బాపట్ల జిల్లా ఆలపాడులో 2023లో ఒక అభిమాని సినీనటి సమంతకు గుడి కట్టాడు. తిరుపతమ్మ పక్కన దీన్ని పెట్టడం కొందరికి నచ్చదు. గుడి ఒక్కటీ ఉంటే సరిపోదని చూపడానికే పెట్టాను.

ఎటూ తేలనివాళ్లలో లవ్‌క్రాఫ్ట్ అనే అమెరికా భయానక కథల రచయిత పుట్టించిన దేవుళ్లనూ చెప్పుకోవాలి. 1928లో అచ్చైన కథలోని క్తుల్హూ లాంటివాళ్లకు మనుషులంటే ప్రేమా లేదు, పగా లేదు. అసలు మనిషి వాళ్ల లెక్కలోనే లేడు. ఆయన తన దేవుళ్లను స్నేహితులు వాడుకుంటే అడ్డు చెప్పలేదు. 1937లో ఆయన పోయాక ఆగస్ట్ డెర్లెత్ అనే రచయిత ఆ గుంపును మంచి పక్షం, చెడ్డ పక్షం అని విడదీసి, భూమి, నీరు, గాలి, నిప్పు అని సర్దాడు. మూలానికి ద్రోహం అన్న అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. పలు చేతులు, పలు పాఠాలు, తగాదాలు: పురాణాలకు పట్టే లక్షణాలు వందేళ్లలోపే పట్టాయి. పూజ ఒక్కటే రాలేదు.

ఆస్తి కాగితాల్లో తేడా

ఇంత తర్కించినా తేలనిది కోర్టు కాగితాల్లో ఒక పద్ధతిలో తేలి ఉంది. కల్పిత దేవుడు చట్టం ముందు ఒకరి ఆస్తి. మన దేశంలో మామూలుగా రచయిత చనిపోయాక 60 ఏళ్ల దాకా రచన మీద హక్కు వారసులదే. గుడి దేవుడి సంగతి తిరగబడి ఉంటుంది, ఆయన పేరు మీదే ఆస్తి ఉంటుంది. 1925లో కలకత్తాలో ఒక కుటుంబం ఇంటి విగ్రహాన్ని వంతుల వారీగా ఎవరింటికి తీసుకెళ్లాలని తగువు పడితే, బ్రిటిష్ కాలంలో మనకు ఆఖరి కోర్టైన ప్రీవీ కౌన్సిల్ ఆ విగ్రహాన్ని ఒక వ్యక్తిగా గుర్తించింది. ఎక్కడ ఉండాలన్న దాంట్లో దేవుడి ఇష్టాన్నీ లెక్కలోకి తీసుకోవాలని, ఆ మాట చెప్పడానికి దేవుడి తరఫున స్వార్థం లేని మనిషిని పెట్టాలని చెప్పింది. 2019 అయోధ్య తీర్పులో రామ్‌లల్లా వాదిగా నిలబడ్డాడు, కోర్టు ఒప్పుకుంది. జన్మస్థలాన్ని కూడా వ్యక్తిగా గుర్తించమంటే మాత్రం ఒప్పుకోలేదు. ఆ తీర్పులోనే విగ్రహానికి ఈ హోదా భక్తితో చేసిన అంకితం వల్ల వస్తుందని వివరించారు. కథ ఎంత పాతదన్న లెక్క అందులో లేదు.

లవ్‌క్రాఫ్ట్ దేవుళ్ల మీద మన దేశంలో ఆ హక్కు గడువు ఎప్పుడో తీరిపోయింది. ఆయన రాసిన ఏ దేవుణ్ణైనా రేపు తెనాలిలో కూర్చుని తెలుగు నవలలోకి తెచ్చుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. పక్క ఊరి గుడి మాన్యంలో ఎకరం కౌలుకు కావాలంటే దేవాదాయ శాఖ పెట్టే బహిరంగ వేలానికి వెళ్లి పాడుకోవాలి.